పేరు తప్పయినా పొట్లం పారెయ్యలేదు

ఉత్తర కాలిఫోర్నియాలో చలికాలం వానలు మొదలయ్యాక ఓక్ చెట్ల కింద ఒక పుట్టగొడుగు లేస్తుంది. ఆకుపచ్చా పసుపూ కలిసిన టోపీ, టోపీ అడుగున తెల్లటి రేకులు, కాడకి చిన్న గౌను లాంటి ఉంగరం, మొదట్లో తెల్లటి సంచీ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రుచి కూడా బాగానే ఉంటుందని తిని బతికినవాళ్ళు చెప్పారు! దీని పేరు డెత్ క్యాప్. శాస్త్రీయనామం అమానిటా ఫాలాయిడిస్. ప్రపంచంలో పుట్టగొడుగులు తిని చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది చావుకి కారణం ఇదే.

బే ఏరియాలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు కదా. వీకెండ్ ట్రెక్కింగులకి వెళ్ళే అడవుల్లోనూ, ఇళ్ళ మధ్య పార్కుల్లోనూ ఇది మామూలుగా కనిపిస్తుంది. ఎంత మామూలుగా అంటే, అనాదిగా అక్కడే ఉందేమో అనిపించేంత. ఇంతకీ ఇది అక్కడి స్థానికురాలా, మనలాగే ఎక్కడినుంచో వచ్చి సెటిలయిందా? ఈ చిన్న ప్రశ్నకి జవాబు దొరకడానికి వందేళ్ళకి పైగా పట్టింది. చివరికి జవాబు చెప్పింది ఏ మేధావీ కాదు, బీరువాల్లో దశాబ్దాలుగా పడి ఉన్న ఎండు పుట్టగొడుగుల పొట్లాలు. అందులోనూ చాలావాటి మీద రాసి ఉన్న పేరు తప్పు. ఈ టపా ఆ తప్పు పేర్ల గురించే.

స్థానికమైతే ఏంటి, వలసైతే ఏంటి అనొచ్చు మీరు. చాలా తేడా ఉంది. ఈ పుట్టగొడుగు ఒంటరిగా బతకదు. దాని పోగులు నేలలో చెట్ల వేళ్ళ కొసల్ని చుట్టుకుని ఉంటాయి. చెట్టుకి నీళ్ళూ ఖనిజాలూ ఇస్తాయి, చెట్టు దగ్గర చక్కెర తీసుకుంటాయి. ఇలాంటి పొత్తు మీద బతికే స్థానిక శిలీంధ్రాలు ఆ నేలలో వందలకొద్దీ ఉంటాయి. బయటినుంచి వచ్చినది వాటి చోటు ఆక్రమిస్తుంటే అడవి లోపలిలోపలే మారిపోతోందన్నమాట. ఇంకోటి, ఇది కొత్తగా వచ్చి ఇంకా పాకుతూ ఉంటే, రేపు ఇంతకుముందెప్పుడూ చూడని ఊళ్ళో కూడా లేస్తుంది. అక్కడి డాక్టర్లకీ, తల్లిదండ్రులకీ ముందే చెప్పాలి. స్థానికమైతే అంత హడావుడి అవసరం లేదు.

సరే, ఎలా తేల్చాలి? పాత రికార్డులు చూస్తే పోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు.

ముందు ఈ రికార్డు అంటే ఏమిటో చెప్పుకుందాం. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల లైబ్రరీ అనుకోండి. మొక్కల్ని కాగితానికి అంటిస్తారు. పుట్టగొడుగుల్ని అలా నొక్కితే ముద్దయిపోతాయి కాబట్టి సన్నటి వేడి మీద ఒరుగుల్లాగా ఎండబెట్టి, కాగితం పొట్లంలోనో అట్టపెట్టెలోనో పెడతారు. పైన ఒక చీటీ ఉంటుంది. ఎవరు సేకరించారు, ఏ రోజు, ఏ చోట, ఏ చెట్టు కింద, తాజాగా ఉన్నప్పుడు రంగూ వాసనా ఎలా ఉన్నాయి, పేరేమిటి అన్నవి దాని మీద రాస్తారు. ఎండితే రంగు పోతుంది కాబట్టి ఆ నాలుగు ముక్కలూ అప్పుడే రాయకపోతే మళ్ళీ దొరకవు. తర్వాత సంస్థ వాళ్ళు ఒక నంబరు వేస్తారు. మన భాషలో చెప్పాలంటే ప్రైమరీ కీ.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. తర్వాతెప్పుడో వేరే నిపుణుడొచ్చి "ఇది అది కాదు, ఫలానాది" అని తేలిస్తే, పాత చీటీ కొట్టెయ్యడు. తన పేరూ తేదీతో ఇంకో చీటీ రాసి పక్కన పెడతాడు. అలా ఒక పొట్లంలో నాలుగైదు చీటీలు పేరుకోవచ్చు. అంటే అప్డేట్ ఉండదు, డిలీట్ ఉండదు, ఇన్సర్ట్ ఒక్కటే! ఆడిట్ లాగ్ అని మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని వీళ్ళు కంప్యూటర్లు పుట్టకముందే చేసేశారు.

ఇప్పుడు అసలు కథ.

యూరప్ లో ఈ పుట్టగొడుగు ఎప్పటినుంచో తెలుసు. ఫ్రాన్సులో సెబాస్టియన్ వయ్యాఁ 1727 లోనే దీన్ని వర్ణించాడు. 1821 లో స్వీడన్ కి చెందిన ఫ్రీస్ ఫాలాయిడిస్ అనే పేరుని ఖాయం చేశాడు. 1833 లో లింక్ అనే జర్మన్ దీన్ని అమానిటా ప్రజాతిలో చేర్చాడు. అమెరికాలో మాత్రం పుట్టగొడుగుల మీద అప్పటికి పెద్ద పుస్తకాలు లేవు. అడవిలో ఏదైనా కనిపిస్తే యూరప్ పుస్తకం తెరిచి, దగ్గరగా ఉన్న పేరు పెట్టేసేవాళ్ళు. పరాయిదేశంలో కనిపించిన కాయకి మన ఊరి కాయ పేరు పెట్టి పిలిచినట్టే.

న్యూయార్క్ రాష్ట్రంలో చార్లెస్ హార్టన్ పెక్ అని ఒకాయన ఉండేవాడు. 1867 నుంచి 1915 దాకా, అంటే దాదాపు యాభై ఏళ్ళు, ఆ రాష్ట్రం కోసం మొక్కలూ శిలీంధ్రాలూ సేకరించడమే ఆయన ఉద్యోగం. ఆయన కొత్తగా పేరు పెట్టిన జాతులు 2,700 కి పైనే. 19వ శతాబ్దం ముగిసేసరికి ఆయన తన చుట్టుపక్కల అమానిటా ఫాలాయిడిస్ ఉందని రాశాడు. అంతటివాడు చెప్పాక ఇంకేముంది, అమెరికాలో డెత్ క్యాప్ ఉందని అందరూ అనుకున్నారు.

1918 లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు జార్జ్ ఆట్కిన్సన్ ఆ తూర్పు ప్రాంతపు నమూనాలు చూసి, ఇది యూరప్ జాతి కాదు, వేరే ఉంది అన్నాడు. గాయమైనచోట గోధుమరంగుకి తిరుగుతుంది. మొదట్లో సంచీకి బదులు, ఉలితో చీల్చినట్టుండే గడ్డ ఉంటుంది. దానికి అమానిటా బ్రన్నెసెన్స్ అని పేరు పెట్టాడు, గోధుమరంగుకి మారేది అని అర్థం. ఆ ఏడాదే ఆయన పశ్చిమతీరానికి శిలీంధ్రాల సేకరణకి వెళ్ళాడు. అప్పుడు లోకమంతా వ్యాపించిన ఇన్ ఫ్లుయెంజా సోకి వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో చనిపోయాడు. సేకరించినవి మిగిలాయి, సేకరించినవాడు మిగల్లేదు.

దీంతో కథ తిరగబడింది. పెక్ చెప్పింది తప్పు, కాబట్టి డెత్ క్యాప్ అమెరికాలో లేనేలేదు అనే అభిప్రాయం బలపడింది. మళ్ళీ 1970లు వచ్చేసరికి తూర్పుతీరంలోనూ, పశ్చిమతీరంలోనూ అసలైన డెత్ క్యాప్ ఉందని స్పష్టమైంది. ఉంది, లేదు, ఉంది! ఓపెన్ చేసి, క్లోజ్ చేసి, రీ-ఓపెన్ చేసిన బగ్ లాగా అయింది పరిస్థితి. ఇప్పుడు రెండో ప్రశ్న: మధ్యలో వచ్చిందా, లేక ఎప్పుడూ ఉన్నా మనమే చూడలేదా?

పుస్తకాలు మాత్రమే ఉంటే ఈ ప్రశ్న ఎప్పటికీ తేలేది కాదు. "ఫలానా ఏడు ఫలానా ఊళ్ళో అమానిటా ఫాలాయిడిస్ చూశాం" అన్న వాక్యం నిజమో కాదో ఆ వాక్యాన్ని ఎంతసేపు చదివినా తెలియదు. చూసినవాడు ఏం చూశాడో, దానికి ఏ పుస్తకంలోంచి పేరు తీసుకున్నాడో మనకి తెలియదు కదా. అది ఒక అభిప్రాయం మాత్రమే. పొట్లం అలా కాదు. చూసినవాడి అభిప్రాయం తప్పయినా అతను చూసిన వస్తువు అందులో అలాగే ఉంది.

ఆన్ ప్రింగిల్, ఎల్సె వెల్లింగా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పని తలకెత్తుకున్నారు. మొదట 2006 లో పాత సాహిత్యమంతా తవ్వి, తూర్పుతీరానికి ఇది దిగుమతి చేసుకున్న మొక్కల వేళ్ళతో పొరపాటున వచ్చినట్టుందని తేల్చారు. పశ్చిమతీరం సంగతి మాత్రం చరిత్ర సరిపోక తేలలేదు. 2009 లో మరికొందరితో కలిసి మాలిక్యులర్ ఎకాలజీ పత్రికలో దానికీ జవాబు రాశారు.

ఏం చేశారంటే, హెర్బేరియాల్లో ఫాలాయిడిస్ అని రాసి ఉన్న పాత పొట్లాలు తీసి, ఒక్కో చిన్న తునకలోంచి డీఎన్ఏ తీశారు. ఐటీఎస్ అని ఒక భాగం ఉంటుంది. శిలీంధ్రాలకి అది బార్ కోడ్ లాంటిది. దాన్ని చదవడానికి వాడే ప్రైమర్ల గురించిన ముఖ్యమైన రచన 1990 లో వచ్చింది, అందులో బర్క్లీ శాస్త్రవేత్తల చెయ్యి ఉంది. 1990 తర్వాతి పనిముట్టుతో అంతకు ఎన్నో దశాబ్దాల ముందటి ముక్కని చదివారన్నమాట. ఎండబెట్టినవాళ్ళకి డీఎన్ఏని ఇలా చదవొచ్చని తెలియదు. వాళ్ళు ఈ పని కోసం దాచలేదు, ఊరికే దాచారు.

ఫలితం ఏమిటంటే, 1963 కి ముందు ఫాలాయిడిస్ పేరుతో దాచిన పాత సేకరణలు అలా చదివితే వేరే అమానిటా జాతులని బయటపడింది. కాలిఫోర్నియాలో అసలైన డెత్ క్యాప్ అని ధ్రువపడిన మొట్టమొదటి సేకరణలు రెండు. ఒకటి 1938 లో మాంటరేలోని డెల్ మాంటె హోటల్ ఆవరణలోది, రెండోది 1945 లో బర్క్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోది.

ఆ రెండు చోట్లూ ఎలాంటివో చూడండి. డెల్ మాంటె హోటల్ 1880 లో రైల్వే సొమ్ముతో కట్టిన విలాసవంతమైన విడిది, దేశదేశాల చెట్లు తెచ్చి నాటిన తోటలకి పేరుపడింది. తర్వాత నేవీ చేతికి వెళ్ళింది, ఇప్పుడు అక్కడ నేవల్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్కూల్ ఉంది. బర్క్లీది విశ్వవిద్యాలయపు ఆవరణ. రెండూ మనుషులు చెట్లు నాటిన చోట్లే గానీ మారుమూల అడవులు కావు. మట్టితో, వేళ్ళతో సహా ఒక మొక్క ఓడ ఎక్కితే ఆ వేళ్ళని చుట్టుకున్న శిలీంధ్రం టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1938 లో మొదటిసారి దొరికింది కాబట్టి 1938 లోనే వచ్చిందని కాదు. లాగ్ లో మొదటి ఎర్రర్ కనిపించిన తేదీ, బగ్ పుట్టిన తేదీ ఒకటి కావు కదా. హోటల్ తోటలో దిగి అక్కడినుంచే రాష్ట్రమంతా పాకిందని కూడా ఈ పొట్లాలు చెప్పవు. అవి చెప్పేది ఇంతే: ఆ తేదీకి, ఆ చోట, ఇది ఉంది. అంతకుముందు ఉందని చెప్పిన సాక్షులు నిలబడలేదు.

"సాక్ష్యం లేనంత మాత్రాన లేదని ఎలా అంటారు?" అని మీరు అడగొచ్చు, న్యాయమే. అందుకే వాళ్ళు అక్కడితో ఆగలేదు. యూరప్ లోనూ అమెరికాలోనూ ఉన్న డెత్ క్యాప్ ల జన్యువుల్ని పోల్చారు. ఒక జాతి ఎక్కడ పుట్టి పెరిగిందో అక్కడ వైవిధ్యం ఎక్కువుంటుంది. నలుగురు బయల్దేరి వేరే దేశం వెళితే, ఊళ్ళో ఉన్న ఇంటిపేర్లన్నీ వాళ్ళతో వెళ్ళవు కదా, అలాగ. యూరప్ నుంచి తీసుకున్న నమూనాలు అమెరికావాటిలో సగమే, అయినా వైవిధ్యం మొత్తమ్మీద యూరప్ లోనే ఎక్కువ కనిపించింది. అమెరికాకే ప్రత్యేకమైన రూపాలు అంటూ ఏమీ కనపడలేదు. యూరప్ లో మాత్రం స్కాండినేవియాకీ, ఫ్రాన్సుకీ, కోర్సికా దీవికీ వేటి ప్రత్యేకత వాటికుంది. అలా అక్కడ వేరువేరు చోట్లకి పరిమితమైన రూపాలు చాలా కాలిఫోర్నియాలో ఒకే చోట పక్కపక్కన దొరికాయి. శ్రీకాకుళం యాస, చిత్తూరు యాస, ఆదిలాబాద్ యాస మూడూ ఒకే అపార్ట్ మెంట్ లో వినిపిస్తే అది ఏ హైటెక్ సిటీ పక్కనో కట్టిన కొత్త బిల్డింగ్ అని అర్థమైపోదూ? అదే తర్కం.

కాబట్టి తీర్పు: వలస వచ్చింది, ఇంకా పాకుతోంది. దక్షిణాన లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచి ఉత్తరాన కెనడా వాంకూవర్ ద్వీపం దాకా ఇప్పుడు దొరుకుతుంది. చెట్టు వేళ్ళతో పొత్తు మీద బతికే శిలీంధ్రాల్లో, ఉత్తర అమెరికాలోకి బయటినుంచి వచ్చి దండెత్తినట్టు పాకినది అప్పటికి తెలిసినంతలో ఇదొక్కటే. నాటిన చెట్లతో ఆగకుండా స్థానిక ఓక్ చెట్లతోనూ జత కట్టింది. 2023 లో నేచర్ కమ్యూనికేషన్స్ లో ఇంకో సంగతి బయటపెట్టారు. కాలిఫోర్నియా డెత్ క్యాప్ లు కొన్ని జత దొరక్కపోయినా ఒంటరిగానే పుట్టగొడుగు తయారుచేసి సిద్ధబీజాలు వెదజల్లగలవట! ఏళ్ళ తరబడి సేకరించి దాచిన నమూనాలు పక్కన పెట్టి పోల్చబట్టే అది కూడా తెలిసింది.

ఇదంతా విజ్ఞానశాస్త్రపు ముచ్చటే అనుకోకండి. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది దీన్ని తిని ఆస్పత్రి పాలయ్యారు. ముగ్గురికి కాలేయం మార్చాల్సొచ్చింది. ఒక పసిబిడ్డకి నరాలకి సంబంధించిన శాశ్వత లోపం మిగిలిపోయింది. అదే ఏడాది కెనడాలో విక్టోరియా నగరంలో మూడేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. దీంట్లో ఉండే అమాటాక్సిన్ లు మన కణాల్లో ఆర్ఎన్ఏ తయారుచేసే యంత్రాన్నే ఆపేస్తాయి. వండితే పోవు, ఎండబెడితే పోవు. తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ అనిపించదు. తర్వాత వాంతులూ విరేచనాలూ. ఆ తర్వాత తగ్గిపోయినట్టే ఉంటుంది, అమ్మయ్య అనుకుంటారు. ఆ సమయంలోనే లివర్ పోతూ ఉంటుంది.

మనకి సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. ఆసియా దేశాల్లో, మన దగ్గర కూడా, వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు ఉంది కదా, దానికీ అడుగున సంచీ ఉంటుంది. మొగ్గ దశలో డెత్ క్యాప్ అచ్చం దానిలాగే కనిపిస్తుంది. కొత్త దేశం వెళ్ళి, తెలిసిన ముఖం అనుకుని ఏరుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్న వలసకుటుంబాలున్నాయి. పెక్ చేసిందీ వీళ్ళు చేసిందీ ఒకటే పని: కొత్త చోట కనిపించినదానికి పాత పేరు పెట్టడం. కాకపోతే ఆయన పొట్లం కట్టాడు, వీళ్ళు కూర వండారు. అక్కడ ఉండే మీ అమ్మానాన్నలకో, అత్తమామలకో ఇది ఒకసారి చెప్పండి. పార్కులో వాకింగ్ కి వెళ్ళేది వాళ్ళే కదా.

అన్నట్టు, మన "పుట్టగొడుగు" అన్న మాట చూడండి. పుట్ట మీద లేచే గొడుగు. ఎక్కడ దొరుకుతుందో ఆ సమాచారం పేరులోనే ఉంది. చెదపుట్టల మీద లేచేవాటికి అది సరిగ్గా సరిపోతుంది. ఓక్ చెట్టు కింద లేచినదాన్ని కూడా అదే మాటతో పిలిచేస్తాం చూడండి, అక్కడే పేరు ఒకటి చెబుతుంది, వస్తువు ఇంకోటి అవుతుంది.

ఇప్పుడు మన వృత్తికి సంబంధించిన సంగతి. ఈ హెర్బేరియం రికార్డులన్నీ డేటాబేసుల్లోకి ఎక్కుతున్నాయి. ఉత్తర అమెరికా శిలీంధ్రాల సేకరణలకి మైకోపోర్టల్ అని ఒకటుంది, ప్రపంచం మొత్తానికి జీబిఫ్ ఉంది. డార్విన్ కోర్ అనే ఒక స్టాండర్డ్ ప్రకారం కాలమ్ లు ఉంటాయి. పేరుకి ఒక కాలమ్, ఆ పేరు పెట్టింది ఎవరు అన్నదానికి ఒకటి, ఎప్పుడు పెట్టారన్నదానికి ఒకటి. ఈ వరసకి ఆధారం దాచిన నమూనానా, లేక ఎవరో చూసి చెప్పిందా అన్నదానికి ఇంకోటి. బాగా ఆలోచించి పెట్టిన స్కీమా. కానీ మనం చేసేదేంటి? పేరు కాలమ్ మీద గ్రూప్ బై కొట్టి, మ్యాప్ మీద చుక్కలు పెట్టేసి, మిగతా కాలమ్ లు వదిలేస్తాం. అప్పుడు సందేహాస్పదమైన పాత చుక్కా, 1938 నాటి ధ్రువపడిన చుక్కా ఒకే రంగులో మెరుస్తాయి. అది చూసి డెత్ క్యాప్ అమెరికాలో ఎప్పటినుంచో ఉందని ఎవరైనా అనేస్తే, తప్పు మ్యాప్ ది కాదు.

డిజిటైజ్ చేసేశాం కదా, ఇంక ఈ పెట్టెలెందుకు అనే మాట కూడా వినిపిస్తోంది. 2024 ఫిబ్రవరిలో డ్యూక్ విశ్వవిద్యాలయం తన హెర్బేరియాన్ని మూసేస్తామని ప్రకటించింది. సుమారు 8,25,000 నమూనాలు ఉన్న సేకరణ అది. వేరే సంస్థలకి పంపిస్తామన్నారు, పారేస్తామనలేదు. కానీ స్థలమూ డబ్బూ లేక ఇలాంటివి ఒక్కొక్కటే చేతులు మారుతూ పోతే, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "ఈ పొట్లం మీద పేరే తప్పు, ఇదెందుకు" అని పక్కన పడేసే రోజు వస్తుంది. ఆ లెక్కన పోవాల్సినవి ముందుగా 1963 కి ముందటి ఆ తప్పు పేర్ల పొట్లాలే కదా! అవి పోయి ఉంటే, కాలిఫోర్నియాలో డెత్ క్యాప్ పాత కాలం నుంచీ ఉందనే వాక్యాలు మాత్రం పుస్తకాల్లో మిగిలేవి. కాదని చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

స్కాన్ చేసిన చీటీలోంచి డీఎన్ఏ రాదు. ఫోటోలోంచి కూడా రాదు. రేపు ఇంకే పనిముట్టు వస్తుందో, అది ఏ ప్రశ్న అడుగుతుందో ఇప్పుడు మనకి తెలియదు. 1938 లో ఆ హోటల్ తోటలో వంగి ఆ పుట్టగొడుగుని తీసి ఎండబెట్టిన మనిషికీ తెలియదు. పేరు సరిగ్గా ఉందా లేదా అన్నది తర్వాతివాళ్ళు చూసుకుంటారు. వాళ్ళు చూసుకోవాలంటే చూడ్డానికి ఏదో ఒకటి మిగిల్చాలి. మన డేటాబేసుల్లోనూ లెక్క ఇదే. శుభ్రం చేసిన టేబుల్ బ్యాకప్ తీసుకుని, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆ ముడి ఫైలు డిలీట్ కొట్టే ముందు, ఒక్కసారి ఈ ఎండు ముక్కల్ని గుర్తు చేసుకోండి.